లైనక్స్ కెర్నెల్‌లో డ్రైవర్ల ఆలనా పాలనా

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నెల్ సోర్సులో సగానికి పైగా, పరికరాలను నడిపే కోడ్ ఉండే ‘డ్రైవర్స్’ అనే ఒక్క డైరెక్టరీలోనే ఉంటుంది. షెడ్యూలర్, మెమరీ మేనేజ్‌మెంట్, ఫైల్ సిస్టమ్‌లు, నెట్‌వర్క్ స్టాక్ అన్నీ కలిపినా దాని ముందు తూగవు. షెడ్యూలర్‌లో తప్పు దొర్లితే ఆ కెర్నెల్ నడిచే ఏ మెషీన్‌లోనైనా బయటపడవచ్చు, కాబట్టి ఎవరో ఒకరు త్వరగానే పట్టుకుంటారు. డ్రైవర్‌లో తప్పు మాత్రం ఆ చిప్పు ఉన్నవాళ్లకే కనబడుతుంది. వాళ్లు కొత్త కెర్నెల్‌కు మారడానికి రెండేళ్లు పట్టిందంటే తప్పు కూడా రెండేళ్ల తర్వాతే బయటికొస్తుంది. అప్పటికి ఆ ప్యాచ్ (కోడ్ మార్పు) రాసినవాళ్లు ఇంకో ఉద్యోగంలో ఉంటారు, వాళ్ల బల్ల మీదుండే బోర్డు ఏ అల్మరాలో ఉందో ఎవరికీ గుర్తుండదు.

కోడ్ మార్చేవాళ్ల దగ్గర హార్డ్‌వేర్ ఉండదు. హార్డ్‌వేర్ ఉన్నవాళ్లకు కోడ్ జోలికి వెళ్లే అలవాటుండదు. రెండూ ఉన్న మనిషికి తీరిక ఉండదు. డ్రైవర్ మెయింటెనెన్స్ అంటే చాలావరకు ఈ ముగ్గురి మధ్య ఉన్న ఎడాన్ని పూడ్చుకోవడమే.

కాళ్ల కింద కదిలే నేల

కెర్నెల్‌కు, బయట నడిచే ప్రోగ్రాములకు మధ్య గీత గట్టిది. నిన్న నడిచిన ప్రోగ్రామ్ రేపటి కెర్నెల్ మీద కూడా నడవాలి, ఇందులో రాజీ లేదు. కెర్నెల్ లోపల ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య అలాంటి హామీ ఏదీ లేదు. ఎందుకు లేదో వివరిస్తూ కెర్నెల్ సీనియర్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన పత్రం సోర్సులోని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. స్థిరమైన లోపలి ఇంటర్‌ఫేస్ కోరుకోవడం అర్థంలేని పని అని దాని పేరులోనే తేల్చేశారు.

ఈ స్వేచ్ఛకు కట్టిన వెల ఏమిటంటే, ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లే దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ సరిచేయాలి. చెట్టులో, అంటే అధికారిక కెర్నెల్ సోర్సులో ఉన్న డ్రైవర్లకు ఇది వరం, పని వేరేవాళ్లు చేసిపెడతారు. చెట్టు బయట ఉన్నవాటి గతి వేరు. కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా డీకేఎంఎస్ అనే సాధనం వాటిని కొత్తగా కంపైల్ చేయబోతుంది. ఈలోగా ఫంక్షన్ పేరో ఆర్గ్యుమెంటో మారి ఉంటే కంపైలేషన్ ఆగిపోతుంది. వాడేవాళ్లకు ఆ సంగతి మెషీన్ రీబూట్ చేశాక వై-ఫై రానప్పుడో తెర నల్లగా ఉన్నప్పుడో తెలుస్తుంది. బయటి డ్రైవర్ కోడ్ తెరిచి చూస్తే పేజీకి నాలుగు చోట్ల ‘కెర్నెల్ వెర్షన్ ఇంతకంటే తక్కువైతే ఇలా, ఎక్కువైతే అలా’ అనే షరతులు కనిపిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి పెరగడమే తప్ప తగ్గడం ఉండదు.

మార్పులు సరదాకి జరగవు. 2017లో టైమర్ల ఇంటర్‌ఫేస్ మారింది. అంతకుముందు టైమర్ మోగినప్పుడు నడిచే ఫంక్షన్‌కు ఒక పూర్ణాంకం అందేది. డ్రైవర్లు దాన్ని పాయింటర్‌గా మలుచుకుని తమ డేటాను చేరుకునేవి. టైమర్ స్ట్రక్చర్‌లో ఫంక్షన్ చిరునామా, దానికిచ్చే ఆర్గ్యుమెంట్ పక్కపక్కనే ఉండేవి. మెమరీలో ఆ చోటును చెరిపి రాయగలిగిన దాడిదారుకు ఏ ఫంక్షన్‌ను పిలవాలో, దానికి ఏమివ్వాలో రెండూ చేతికి అందినట్టే. కెర్నెల్ 4.14లో కొత్త పద్ధతి వచ్చింది, 4.15లో పాతది పోయింది. ఇప్పుడు ఫంక్షన్‌కు టైమర్ పాయింటర్ మాత్రమే అందుతుంది, దాని నుంచి తన స్ట్రక్చర్‌ను డ్రైవర్ వెనక్కి లెక్కగట్టుకుంటుంది. వందలాది డ్రైవర్లలో ఈ మార్పు చేయాల్సి వచ్చింది. వాటిలో చాలావాటిని మార్చినవాళ్లు కంపైల్ చేసి చూడటం తప్ప ఇంకేమీ చేయగలిగే పరిస్థితి లేదు.

ఇంతకంటే లోతుగా చూడదగ్గది ‘రిమూవ్’ ఫంక్షన్ కథ. ప్లాట్‌ఫామ్ డ్రైవర్‌ను (చాలావరకు చిప్పులోనే ఇమిడిన పరికరాలను నడిపేదాన్ని) పరికరం నుంచి విడదీసేటప్పుడు నడిచేది ఇది. చాలా ఏళ్లపాటు ఇది పూర్ణాంకాన్ని తిరిగి ఇచ్చేలా ఉండేది. చూసినవాళ్లెవరైనా ఏమనుకుంటారు? ఎర్రర్ ఇస్తే విడదీయడం ఆగుతుందనుకుంటారు. కానీ డ్రైవర్ కోర్, అంటే డ్రైవర్లను పరికరాలతో కలిపి విడదీసే ఉమ్మడి కోడ్, ఆ విలువను పట్టించుకోదు, మహా అయితే లాగ్‌లో ఒక హెచ్చరిక వేసి తన పని తాను కానిస్తుంది. కాబట్టి ఇలాంటి కోడ్ పుట్టుకొచ్చింది: రిమూవ్ మొదట్లోనే పరికరాన్ని నిద్ర లేపబోతారు, అది లేవకపోతే ఎర్రర్ ఇచ్చి అక్కడితో తిరిగిపోతారు. దాని కింద ఉన్న పనులేవీ జరగవు. పై సబ్‌సిస్టమ్‌లో చేసిన రిజిస్ట్రేషన్ రద్దు కాదు, క్లాక్ (పరికరాన్ని నడిపే టైమింగ్ సిగ్నల్) ఆగదు. కోర్ మాత్రం ఆ పరికరం పేరు మీద కేటాయించిన మెమరీని విడుదల చేసేస్తుంది. ఇక మిగిలేది, ఖాళీ చేసిన మెమరీ వైపు చూస్తూ ఇంకా రిజిస్టరై ఉన్న డ్రైవర్. తర్వాత ఎవరు దాన్ని తాకినా కెర్నెల్ కూలుతుంది.

పరిష్కారం ఒక్క మాటలో చెప్పొచ్చు, ఆ ఫంక్షన్ ఏమీ తిరిగి ఇవ్వకుండా చేయడం. కానీ వేల డ్రైవర్లను ఒక్క ప్యాచ్‌లో మార్చలేరు. వాటన్నిటికీ వేర్వేరు మెయింటెయినర్లు (ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లు), వేర్వేరు గిట్ ట్రీలు (కోడ్ నకళ్లు). అందుకే 2023లో వచ్చిన 6.3లో ‘రిమూవ్ న్యూ’ అనే తాత్కాలిక ఫంక్షన్ పెట్టారు. డ్రైవర్లను ఒక్కొక్కటిగా అటు మార్చి, 2024లో 6.11కు అసలు ‘రిమూవ్’నే ఏమీ ఇవ్వనిదిగా చేశారు, ఆ తర్వాత అందరినీ మళ్లీ పాత పేరుకు తెచ్చారు. ఐ2సీ (చిన్న చిప్పులను కలిపే రెండు తీగల లింకు) డ్రైవర్లలో ఇదే మార్పు 6.1 నాటికే ముగిసింది.

ఇలాంటి మార్పుల్లో యాంత్రికమైన భాగాన్ని కాక్సినెల్ అనే సాధనం చేసిపెడుతుంది. ‘ఈ ఆకారంలో ఉన్న కోడ్ ఎక్కడ కనబడినా ఈ ఆకారంలోకి మార్చు’ అని ఒకసారి రాసిస్తే చాలు, అది సీ భాష నిర్మాణాన్ని అర్థం చేసుకుని మారుస్తుంది. ఎప్పుడూ సున్నాయే తిరిగిచ్చే రిమూవ్‌లకు ఆ పద్ధతి సరిపోయింది. ఎర్రర్ ఇచ్చే దారులున్న వాటిని మాత్రం మనిషి కూర్చుని చదవాల్సిందే. డ్రైవర్ మెయింటెయినర్‌కు చెట్టంతా మార్చే ప్యాచ్ వచ్చినప్పుడు చూడాల్సింది ఆ ఎర్రర్ దారులనే. మామూలు దారి సరిగ్గానే ఉంటుంది, దాన్ని యంత్రం చూసింది.

విడదీసే క్రమం

డ్రైవర్లలో ఏళ్ల తరబడి నిద్రపోయే బగ్‌లు ఎక్కడుంటాయని అడిగితే, ప్రోబ్ (పరికరానికి డ్రైవర్‌ను జత చేసే ఫంక్షన్) విఫలమైనప్పుడు నడిచే దారిలోను, రిమూవ్‌లోను అని ధీమాగా చెప్పొచ్చు. మిగతా కోడ్ రోజూ నడుస్తుంది, ఇది నడవదు.

2007లో వచ్చిన డెవ్‌రెస్ పద్ధతి ఈ బాధను చాలా తగ్గించింది. ‘డెవ్‌ఎమ్’ అని మొదలయ్యే ఫంక్షన్లతో మెమరీ, ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం), క్లాక్ ఏది తీసుకున్నా, పరికరాన్ని విడదీసేటప్పుడు కోర్ వాటిని తీసుకున్న వరుసకు తిరగేసి వదిలేస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఈ వదిలేయడం రిమూవ్ ఫంక్షన్ పూర్తయ్యాకే మొదలవుతుంది. సగం డెవ్‌ఎమ్‌తో, సగం చేత్తో చేసే డ్రైవర్లు సరిగ్గా ఇక్కడే బోర్లా పడతాయి.

ఒక చిన్న డ్రైవర్‌ను దగ్గరగా చూద్దాం. ప్రోబ్‌లో మొదట మామూలు ఫంక్షన్‌తో క్లాక్ ఆన్ చేశారు. తర్వాత డెవ్‌ఎమ్ ఫంక్షన్‌తో ఇంటరప్ట్ తీసుకున్నారు. ఆ ఇంటరప్ట్ లైనును ఇంకో పరికరం కూడా పంచుకుంటోంది. రిమూవ్‌లో ఉన్నది ఒకే లైను, క్లాక్ ఆఫ్ చేయడం. చూడటానికి శుభ్రంగా ఉంది. కానీ రిమూవ్ ముగిసి, కోర్ ఇంటరప్ట్‌ను వదిలేలోపు కొన్ని మైక్రోసెకన్ల సందు ఉంది. ఆ సందులో పక్క పరికరం ఇంటరప్ట్ వేస్తే మన హ్యాండ్లర్ కూడా నడుస్తుంది, ‘ఇది నాదేనా’ అని తెలుసుకోవడానికి స్టేటస్ రిజిస్టర్ చదువుతుంది. ఆ బ్లాక్‌కు క్లాక్ లేదు. చాలా ఎస్‌ఓసీలలో (ప్రాసెసర్, పరికరాలు కలిసి ఉండే చిప్పుల్లో) క్లాక్ లేని బ్లాక్ రిజిస్టర్ చదివితే చిప్పులోపలి డేటా దారి (బస్) బిగుసుకుపోతుంది, లేదా ప్రాసెసర్‌కు ఎక్స్‌టర్నల్ అబార్ట్ అనే ఎర్రర్ వస్తుంది. వాడేవాళ్ల దృష్టిలో మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోయింది, లాగ్‌లో ఆనవాలు కూడా లేదు.

సరిచేయడానికి మూడు దారులు. ఒకటి, క్లాక్‌ను కూడా డెవ్‌ఎమ్ ఫంక్షన్‌తోనే, ఇంటరప్ట్ కంటే ముందు తీసుకోవడం. అప్పుడు వదిలేసే వరుసలో ఇంటరప్ట్ ముందు పోతుంది, క్లాక్ తర్వాత. రెండు, డెవ్‌ఎమ్ రూపం లేని వనరైతే దాన్ని వదిలే ఫంక్షన్‌ను ‘డెవ్‌ఎమ్ యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్’ ద్వారా అదే వరుసలో చేర్చడం. మూడు, డెవ్‌ఎమ్‌ను పక్కనపెట్టి ఇంటరప్ట్‌ను మామూలుగా తీసుకుని రిమూవ్ మొదట్లోనే వదిలేయడం. మొదటిది మేలు. మూడోది అచ్చంగా పాతకాలపు పద్ధతే గానీ తప్పేమీ లేదు. అసలు తప్పు రెండు పద్ధతులను క్రమం చూసుకోకుండా కలపడంలో ఉంది.

ఈ రకం బగ్‌లను పట్టడానికి కెర్నెల్ కాన్ఫిగ్‌లోనే సాధనాలున్నాయి. ‘డీబగ్ టెస్ట్ డ్రైవర్ రిమూవ్’ పెట్టి బిల్డ్ చేస్తే ప్రతి డ్రైవర్‌నూ ఒకసారి ప్రోబ్ చేసి, వెంటనే విడదీసి, మళ్లీ ప్రోబ్ చేస్తుంది. ‘డీబగ్ షేర్డ్ ఐఆర్‌క్యూ’ పెడితే పంచుకున్న ఇంటరప్ట్‌ను వదిలే క్షణంలో కావాలనే ఒక దొంగ ఇంటరప్ట్ పుట్టిస్తుంది. పైన చెప్పిన డ్రైవర్ అక్కడికక్కడే దొరికిపోతుంది. కాసాన్ ఖాళీ చేసిన మెమరీని తాకితే చెబుతుంది, లాక్‌డెప్ లాకులు తీసుకునే వరుసలో తేడాను చెబుతుంది, ‘డీబగ్ అటామిక్ స్లీప్’ నిద్రపోకూడని చోట నిద్రపోతే చెబుతుంది. ఇవన్నీ ఆన్ చేసి, పరికరం మీద ట్రాఫిక్ నడుస్తుండగా సిస్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నెల్ తన పరికరాలను ఫైళ్లుగా చూపే చోట ఉండే) బైండ్, అన్‌బైండ్ ఫైళ్లతో వెయ్యిసార్లు కలిపి విడదీస్తే గంటలోపే చాలా సంగతులు తేలిపోతాయి. కొత్త డ్రైవర్‌ను తీసుకునే ముందు ఈ ఒక్క పరీక్ష జరిగిందా అని అడగడం వంద లైన్ల స్టైల్ వ్యాఖ్యల కంటే విలువైనది.

ఇదే కోవలో ఇంకో రెండు తరచూ తగిలేవి. రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో ‘గెట్ సింక్’ ఫంక్షన్ విఫలమైనా వాడకం లెక్కను ఒకటి పెంచేస్తుంది. ఎర్రర్ వచ్చింది కదా అని నేరుగా తిరిగిపోతే ఆ లెక్క ఎప్పటికీ సున్నాకు రాదు, పరికరం మళ్లీ నిద్రపోదు. ఈ పొరపాటు ఎంతగా పాకిందంటే, విఫలమైతే లెక్కను తనే తగ్గించే ‘రెజ్యూమ్ అండ్ గెట్’ను 5.10లో తెచ్చారు. రెండోది, పీసీఐ పరికరాన్ని నడుస్తుండగా పీకేస్తే రిజిస్టర్ చదివినప్పుడు 32 బిట్లూ ఒకట్లే వస్తాయి. ‘బిజీ బిట్ సున్నా అయ్యేదాకా తిరుగు’ అని గడువు లేకుండా రాసిన లూప్ ఆ ప్రాసెసర్‌ను కట్టిపడేస్తుంది. గడువున్న పోల్ ఫంక్షన్లు ఉన్నది ఇందుకే.

ఎక్స్86 ప్రాసెసర్ల మీద మాత్రమే పరీక్షించిన నెట్‌వర్క్ డ్రైవర్ ఆర్మ్ ప్రాసెసర్ల మీద ఎందుకు తడబడుతుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పరికరం తానే నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతి (డీఎంఏ) కోసం ఉండే డిస్క్రిప్టర్‌లో ముందు బఫర్ చిరునామా, పొడవు రాసి, చివర్లో ‘ఇక నీదే’ అనే యాజమాన్య బిట్ పెడతారు. ఎక్స్86 మెమరీ రాతలను వరుస తప్పకుండా బయటికి పంపుతుంది. ఆర్మ్ ఆ పూచీ తీసుకోదు. రెండింటి మధ్య ‘డీఎంఏ రైట్ బ్యారియర్’ లేకపోతే పరికరానికి యాజమాన్య బిట్ ముందు కనబడి, చిరునామా స్థానంలో పాతది ఉండవచ్చు. అప్పుడు ప్యాకెట్ ఎవరి మెమరీలోకో వెళ్లి పడుతుంది. కోడ్‌లో లోపం మొదటి నుంచీ ఉంది, ఎక్స్86 దాన్ని కప్పిపెట్టింది, అంతే.

పేరొకటి, లోపలున్నది ఇంకొకటి

ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత యూఎస్‌బీ పరికరాలకు బాగా అతుకుతుంది. పరికరం తన తయారీదారు నంబర్, ఉత్పత్తి నంబర్ చెబుతుంది, కెర్నెల్ దాన్ని నమ్మి డ్రైవర్‌ను జత చేస్తుంది. 0ఎ12:0001 అనే నంబర్ సీఎస్‌ఆర్ బ్లూటూత్ చిప్పులది. ఆ నంబర్‌నే పెట్టుకుని, లోపల వేరే చిప్పు ఉన్న నకలు డాంగిల్స్ కొల్లలు. ఫలానా కమాండ్లు తెలుసని అవి చెప్పుకుంటాయి, తీరా ఆ కమాండ్ పంపితే ఎర్రర్ ఇస్తాయి. బ్లూటూత్ యూఎస్‌బీ డ్రైవర్ ఏం చేస్తుందంటే, పరికరం చెప్పే బ్లూటూత్ వెర్షన్‌ను, ఫర్మ్‌వేర్ సంఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తుంది. అసలు చిప్పులో ఆ రెండూ పొంతన కుదరని జంటైతే, నకలు దొరికిందని లాగ్‌లో రాసి, పనిచేయని కమాండ్లను వాడకుండా సర్దుకుంటుంది. ఆ పోలికల పట్టిక ఒక్కరోజులో తయారైంది కాదు. ఒక నకలు కోసం పెట్టిన సర్దుబాటు ఇంకో నకలును చెడగొట్టడం, దాన్ని మళ్లీ దిద్దడం, ఇలా పేరుకుంటూ వచ్చింది.

ఇలాంటి సర్దుబాట్లను కెర్నెల్ భాషలో క్విర్క్‌లంటారు. యూఎస్‌బీకి ఒక పట్టిక, పీసీఐకి ఇంకోటి, సాటా డిస్కులకు మరోటి. ల్యాప్‌టాప్ సౌండ్ చిప్పుల పట్టిక అన్నిటికంటే పొడుగు: ఒక్కో మోడల్‌కు ఒక్కో లైను, స్పీకర్ ఏ పిన్నుకు తగిలించారో, మ్యూట్ బటన్ దీపం ఏ లైను మీద ఉందో. ఆ పట్టికలో ఎంట్రీలు నంబర్ల వరుసలోనే పెట్టాలని పట్టుబట్టడం చాదస్తంలా కనిపిస్తుంది. కానీ వరుస తప్పితే ఒకే మోడల్‌కు రెండు ఎంట్రీలు పడతాయి, మొదటిదే పనిచేస్తుంది, రెండోది రాసినవాళ్లు తమ ప్యాచ్ ఎందుకు పనిచేయడం లేదో తెలియక తల పట్టుకుంటారు.

క్విర్క్ ప్యాచ్‌లో మెయింటెయినర్ చూడాల్సిన మొదటి సంగతి దాని వెడల్పు. ఒక్క డిస్కు విద్యుత్ ఆదా స్థితి నుంచి తిరిగి లేవడం లేదని ఆ తయారీదారు పరికరాలన్నిటికీ ఆ స్థితిని ఆపేస్తే, బాగా నడుస్తున్న లక్షల మెషీన్లలో బ్యాటరీ ఊరికే ఖర్చవుతుంది. పైగా ఫిర్యాదు చేయడానికి అది ఎవరికీ కనబడదు కూడా. ఉత్పత్తి నంబర్, వీలైతే ఫర్మ్‌వేర్ వెర్షన్ దాకా ఇరుకుగా పట్టాలి.

రెండోది, ప్యాచ్ రాకముందే నిర్ధారణ. దీనికి కంపైల్ చేయాల్సిన అవసరం కూడా లేదు. బయటి డిస్కు యూఏఎస్ అనే కొత్త యూఎస్‌బీ డిస్కు పద్ధతిలో మధ్యమధ్య తెగిపోతోందని ఫిర్యాదు వస్తే, బూట్ లైనులో యూఎస్‌బీ-స్టోరేజ్ మాడ్యూల్‌కు క్విర్క్స్ పారామీటర్‌గా ఆ రెండు నంబర్లు, పక్కన ‘యు’ అక్షరం ఇచ్చి చూడమనాలి. అప్పుడు పాత బల్క్ పద్ధతిలో నడుస్తుంది. కమాండ్ల క్యూ ఉండదు కాబట్టి వేగం తగ్గుతుంది గానీ తెగడం ఆగిందో లేదో తెలుస్తుంది. లింక్ పవర్ మేనేజ్‌మెంట్ మీద అనుమానం ఉంటే యూఎస్‌బీ కోర్‌కు అదే విధంగా ‘కె’ అక్షరం. ఈ పరీక్షలో ఆగకపోతే తప్పు కేబుల్‌లోనో, పవర్ సరిపోకపోవడంలోనో ఉండే అవకాశమే ఎక్కువ. తిరిగే డిస్కుల విషయంలో రెండోది మరీ ఎక్కువ.

మూడోది వివరణ. ఏ లక్షణం కనబడింది, ఏ కెర్నెల్ మీద, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి చూశారా అన్నవి కమిట్ (గిట్‌లో నమోదైన ఒక్కో మార్పు) సందేశంలో లేకపోతే ఆ లైను శిలాశాసనమే. పదేళ్ల తర్వాత దాన్ని తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

నిన్నటిదాకా నడిచింది

ముందు నడిచింది కొత్త కెర్నెల్‌లో చెడిందనే (రిగ్రెషన్) ఫిర్యాదుల్లో దాదాపు ప్రతిదీ ఈ మాటతోనే మొదలవుతుంది. ఒక విడుదలకు, తర్వాతి విడుదలకు మధ్య పదివేలకు పైగా కమిట్లుంటాయి. గిట్ బైసెక్ట్ ప్రతి మెట్టులో సగం కోసేస్తుంది కాబట్టి 14 మెట్లలో 16 వేల కమిట్ల నుంచి ఒక్కదాన్ని తేల్చొచ్చు. 14 సార్లు కెర్నెల్ కట్టి బూట్ చేయమంటే మామూలు వాడకందారు పారిపోతారు. అందుకు ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ ఉంది, ఇప్పుడు లోడై ఉన్న మాడ్యూళ్లను చూసి అవి మాత్రమే ఉండే కాన్ఫిగ్ తయారుచేస్తుంది, కంపైల్ సమయం బాగా పడిపోతుంది. ఇది నడిపే ముందు వాడే పరికరాలన్నీ తగిలించి ఉంచాలి. చెడిందని చెబుతున్న పరికరమే ఆ సమయానికి తగిలించి లేకపోతే దాని డ్రైవర్ కాన్ఫిగ్‌లోంచే ఎగిరిపోతుంది, 14 కెర్నెళ్లూ చెడ్డవిగానే తేలుతాయి.

బైసెక్ట్ మొదలుపెట్టకముందే ఒక అనుమానం తీర్చుకోవాలి. డిస్ట్రిబ్యూషన్లు కెర్నెల్‌తో పాటు ఫర్మ్‌వేర్ ప్యాకేజీని కూడా అదే రోజు అప్‌డేట్ చేస్తుంటాయి. వై-ఫై, గ్రాఫిక్స్ ఫిర్యాదులైతే పాత కెర్నెల్‌ను కొత్త ఫర్మ్‌వేర్‌తో, కొత్త కెర్నెల్‌ను పాత ఫర్మ్‌వేర్‌తో ఒక్కోసారి బూట్ చేస్తే చాలు, దోషి ఏ వైపు ఉందో తెలుస్తుంది.

దోషి కమిట్ దొరికాక, సరిదిద్దడం రెండు మూడు రోజుల్లో తేలేలా లేకపోతే దాన్ని వెనక్కి తీసేయడమే మర్యాద. కొత్త ఫీచర్ పోయినందుకు ఎవరూ నొచ్చుకోరు, అది ఇంకా ఎవరి చేతికీ పూర్తిగా అందలేదు. ఇక్కడ కాలెండర్ కూడా తోడుంటుంది: కొత్త కోడ్ తీసుకునే రెండు వారాల మర్జ్ విండో తర్వాత ఆర్‌సీ1 (విడుదలకు ముందు పరీక్షా వెర్షన్), ఆపైన వారానికొకటి చొప్పున ఏడెనిమిది ఆర్‌సీలు, మొత్తం తొమ్మిది పది వారాలు. కొత్త కోడ్ మర్జ్ విండో తెరుచుకునేలోపే లైనక్స్-నెక్స్ట్ అనే పరీక్షా చెట్టులో కొన్నాళ్లు నలిగి ఉండాలి. దిద్దుబాట్లు మాత్రం ఏ ఆర్‌సీకైనా వెళ్లొచ్చు.

పాత స్థిర కెర్నెళ్లకు (విడుదలయ్యాక దిద్దుబాట్లు మాత్రమే అందేవాటికి) దిద్దుబాటు చేరాలంటే అది ముందు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చెట్టులో ఉండాలి, చుట్టూ ఉన్న లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదు, నిజంగా ఎవరినో బాధిస్తున్న బగ్‌ను తీర్చాలి. ‘ఫిక్సెస్’ ట్యాగ్‌లో తప్పు తెచ్చిన కమిట్ గుర్తులోని మొదటి 12 అక్షరాలు ఇస్తే ఏ వెర్షన్ దాకా వెనక్కి వెళ్లాలో స్థిర కెర్నెళ్లు చూసేవాళ్లకు తెలుస్తుంది. ఇందులో ప్రమాదం ఎక్కడంటే, ప్యాచ్ పాత కెర్నెల్ మీద చక్కగా అతుక్కుంటుంది, కానీ అది నమ్ముకున్న పరిస్థితి అక్కడ ఉండదు. కొత్త కెర్నెల్‌లో సబ్‌సిస్టమ్ కోర్ లాక్ పట్టుకుని డ్రైవర్ ఫంక్షన్‌ను పిలుస్తుందనుకుందాం, అందుకని డ్రైవర్‌లోని లాక్‌ను తీసేస్తూ ఒక దిద్దుబాటు వచ్చింది. పాత కెర్నెల్‌లో కోర్ ఆ లాక్ పట్టుకోదు. అతుకు కుదిరింది, కంపైల్ అయింది, రెండు పనులు ఒకేసారి ఒకే డేటాను తాకే ప్రమాదం (రేస్ కండిషన్) కొత్తగా పుట్టింది. స్థిర కెర్నెళ్ల సమీక్షకు 48 గంటల గడువిస్తారు. సమీక్ష కోసం వచ్చే ఆ సందేశాలను తెరవకుండా తీసేసే మెయింటెయినర్లు ఎక్కువే, కానీ తన డ్రైవర్ పేరున్నదైనా తెరిచి, ‘ఇది వెనక్కి వద్దు’ అని ఒక్క లైను రాయడం తర్వాతి వారం పనిని ఆదా చేస్తుంది.

బయటి ప్రోగ్రాములకు కనబడే ప్రతిదానికీ, ముందు చెప్పిన గట్టి గీత వర్తిస్తుంది. సెన్సర్ డ్రైవర్లలో ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతులో, వోల్టేజ్ మిల్లీవోల్టుల్లో, పవర్ మైక్రోవాట్లలో ఇవ్వాలని నియమం. మొదటి విడుదలలోనే దశాంశ స్థానం తప్పిందంటే, తర్వాత దిద్దినప్పుడు ఆ తప్పుకు అలవాటుపడిన స్క్రిప్టులు విరుగుతాయి. డివైస్ ట్రీ (బోర్డులో ఏ పరికరాలున్నాయో చెప్పే వర్ణన) బైండింగ్‌లదీ అదే తీరు: ఆ వర్ణన పాత ఫైలుతో (డీటీబీ) కొత్త కెర్నెల్ బూట్ కావాలి, కాబట్టి తర్వాత చేర్చే ప్రాపర్టీ ఐచ్ఛికంగానే ఉండాలి, అది లేనప్పుడు డ్రైవర్ పాత పద్ధతిలోనే నడవాలి.

ఎవరి పిల్ల

మెయింటెయినర్స్ అనే ఫైలులో చాలా డ్రైవర్లకు ఒక్కో పేరా ఉంటుంది: మనిషి పేరు, సమీక్షకులు, ఫైళ్ల దారి, స్థితి. ‘సపోర్టెడ్’ అంటే జీతం తీసుకుని చూసేవాళ్లున్నారు. ‘మెయింటెయిన్డ్’ అంటే ఎవరో ఒకరు చూస్తున్నారు. ‘ఆడ్ ఫిక్సెస్’ అంటే తీరిక దొరికితే చూస్తారు. ‘ఆర్ఫన్’ అంటే దిక్కులేదు. పేరాయే లేని డ్రైవర్లు కూడా ఉన్నాయి. అవి సబ్‌సిస్టమ్ మెయింటెయినర్ నెత్తిన పడతాయి, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు వాటి గతి ఆ సబ్‌సిస్టమ్‌లో మనుషులెంతమంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఫ్లాపీ డ్రైవర్‌ను 2019లో టోర్వాల్డ్స్ అనాథగా ప్రకటించారు. కోడ్ కుళ్లిపోవడం కారణం కాదు. పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ మెయింటెయినర్ దగ్గర లేకపోవడం, అసలైన హార్డ్‌వేర్ ఉన్నవాళ్లే దొరకడం కష్టం కావడం. వర్చువల్ మెషీన్లు అనుకరించే ఫ్లాపీల వల్ల ఆ కోడ్ ఇంకా వాడుకలోనే ఉంది. తర్వాత ఇంకొకరు దాన్ని నెత్తికెత్తుకున్నారు. పాత ఐడీఈ డిస్కు డ్రైవర్లది వేరే దారి: లిబ్‌ఏటీఏ అనే కొత్త కోడ్ వాటి పనిని పూర్తిగా అందుకున్నాక, ఏళ్లపాటు హెచ్చరించి, 2021లో 5.14లో మొత్తం డైరెక్టరీనే ఎత్తేశారు. తీసేయడానికి ఇదే సరైన క్రమం. ముందు ప్రత్యామ్నాయం, తర్వాత కాన్ఫిగ్‌లో ‘వద్దు’ అని గుర్తు, ఒక దీర్ఘకాలిక విడుదల దాటేదాకా ఓపిక, అప్పుడు కోత. కోత పెట్టాక ఎవరైనా హార్డ్‌వేర్ పట్టుకుని వస్తే ఆ కమిట్‌ను వెనక్కి తిప్పడం పెద్ద పని కాదు, గిట్‌లో ఏదీ పోదు.

చెట్టులోకి రావడానికి స్టేజింగ్ అనే వరండా 2008లో 2.6.28తో వచ్చింది. తయారీదారు విసిరేసిన డ్రైవర్లు అక్కడ కూర్చుంటాయి, ఒక్కోదాని పక్కన చేయాల్సిన పనుల జాబితా. వై-ఫై డ్రైవర్లు ఈ వరండాలో ఎందుకు ఇరుక్కుంటాయో చూస్తే చాలా అర్థమవుతుంది. తయారీదారు కోడ్‌లో తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ పొర ఒకటి, తన సొంత 802.11 (వై-ఫై) ప్రోటోకాల్ కోడ్ ఒకటి ఉంటాయి. కెర్నెల్‌లో అదే పనికి మ్యాక్80211 అనే ఉమ్మడి కోడ్ ఉంది. సొంతది వాడే డ్రైవర్‌లో భద్రతా లోపం వస్తే అక్కడొక్కచోటే విడిగా దిద్దాలి. ఉమ్మడిది వాడితే ఒక్కసారి దిద్దింది అందరికీ అందుతుంది. ఆర్8188ఈయూ అనే స్టేజింగ్ డ్రైవర్‌ను ఏళ్లపాటు కడిగి, చివరికి తీసేసి, ఉమ్మడి కోడ్ మీద కట్టిన ఆర్‌టీఎల్8ఎక్స్ఎక్స్ఎక్స్‌యూలో ఆ చిప్పుకు చోటిచ్చారు. కడగడం కంటే కొత్తగా కట్టడం తేలికైన సందర్భాలు ఈ రంగంలో ఎక్కువే. ఒక డ్రైవర్‌కు ఎంత తక్కువ సొంత కోడ్ ఉంటే, దాన్ని ఎరగనివాళ్లు కూడా దాన్ని అంత తేలిగ్గా నిలబెట్టగలరు.

డేటాషీట్ రహస్య ఒప్పందం కింద ఉన్న చిప్పులకైతే ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఒప్పందం మెయింటెయినర్‌తో పాటే వెళ్లిపోతుంది, మిగిలేది కోడ్ మాత్రమే. అందులో 0ఎక్స్40 అని ఉత్త సంఖ్య రాసి ఉంటే తర్వాతివాళ్లు దాన్ని తాకలేరు. రిజిస్టర్‌కు పేరు, బిట్‌కు పేరు, ఆలస్యం 10 మిల్లీసెకన్లు ఎందుకో ఒక లైను, చిప్పు లోపానికి తయారీదారు ఇచ్చిన ఎర్రాటా సంఖ్య, ఈ నాలుగూ కోడ్‌లో ఉంటే డేటాషీట్ లేకపోయినా సగం పని నడుస్తుంది. వీటితో పాటు ఒక పరీక్షా స్క్రిప్ట్, అది ఏ బోర్డు ఏ రివిజన్ మీద నడిచిందో రాసిన చిన్న పట్టిక ఉంచాలి. స్క్రిప్ట్ పెద్దదేమీ కానక్కర్లేదు: లోడ్ చేయి, గంటసేపు డేటా పంపు, నిద్రపుచ్చి లేపు, విడదీసి కలుపు.

తప్పుకునే రోజు వచ్చినప్పుడు చేయాల్సినవి కొన్నే. సమీక్షకుడిగా ఉన్న రెండో మనిషి పేరును మెయింటెయినర్ లైనులోకి మార్చే ప్యాచ్ పంపాలి, బోర్డును, పవర్ అడాప్టర్‌ను, సీరియల్ కేబుల్‌ను పెట్టెలో పెట్టి అదే మనిషికి చేరవేయాలి, సొంత పేరును క్రెడిట్స్ ఫైలులోకి జరపాలి. రెండో మనిషి లేకపోతే పేరు తీసేసి స్థితిని ఆర్ఫన్ అని మార్చాలి. చాలామంది మొహమాటానికి ఆ పని చేయరు, పేరు అలాగే ఉండిపోతుంది. ‘గెట్ మెయింటెయినర్’ స్క్రిప్ట్ ఆ ఫైలునే చదువుతుంది కాబట్టి, పేరున్నంత కాలం ప్యాచ్‌లు ఎవరూ చూడని చిరునామాకు వెళ్తూనే ఉంటాయి, పంపినవాళ్లు వారాల తరబడి జవాబు కోసం కాచుకుంటారు. పేరు తీసేసిన రోజు నుంచి అవి సబ్‌సిస్టమ్ మెయింటెయినర్ ముందుకు వస్తాయి.